వీధి దీపాలార్పించి కాల్చిన కూర

పందెం నేనే గెలిచాను. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఎలా గెలిచానో విన్నాక మీరు నవ్వడం ఖాయం. టీ చల్లారిపోతుంది, తాగుతూ వినండి.

మావారికి బీపీ ఉంది, నూనె తగ్గించాలని దిల్‌సుఖ్‌నగర్ డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ఈయనకేమో దొండకాయ వేపుడు లేనిదే ముద్ద దిగదు. "కూరగాయలు ఓవెన్లో కాల్చి పెడతాను, చెంచాడు నూనె చాలు," అన్నాను. "బాగుంటే రోజూ రాత్రి అదే తింటాను. బాగోలేదంటే ఇక నా వేపుడు జోలికి రాకూడదు," అన్నారాయన, మా ఇంటి ఓనరు ఆండాళమ్మగారి ఎదుటే. సరేనన్నాను.

కోఠీ నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన గుండ్రటి ఓవెన్ అది. ఆదివారం సాయంత్రం క్యారెట్, క్యాలీఫ్లవర్, వంకాయ ముక్కలకు చెంచాడు నూనె, ఉప్పూ మిరియాలపొడీ పట్టించి, ప్లగ్గు పెట్టి, దర్జాగా కూర్చున్నాను. గంటయ్యాక మూత తీస్తే ముక్కలు పచ్చిగానే ఉన్నాయి, చెమటలు మాత్రం పట్టాయి. మా చైతన్యపురిలో రోజుకో కొత్త ఇల్లు లేస్తోంది, ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం ఒక్కటే. దీపాలు పెట్టే వేళకి మా బల్బు అగరొత్తి నిప్పులా మిణుకుమంటుంది. ఆ వోల్టేజీని నమ్ముకుని ఓవెన్ కొన్న తెలివి నాది.

మావారు వంటింట్లోకి తొంగిచూసి, "దొండకాయలు తరగమంటావా?" అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఆ పూట ఇంట్లో మండింది అదొక్కటే.

ఇంతలో ఆండాళమ్మగారు వచ్చి సంగతి కనుక్కున్నారు. ఈ కాలనీ ఒకప్పుడు వాళ్ల జొన్నచేను. ఆవిడ మాటంటే వీధంతా హడల్. "గింత దానికి పరేషాన్ ఎందుకు బిడ్డా," అంటూ గేటు దగ్గరికి వెళ్లి గొంతెత్తారు. "జర అందరు బల్బులు, టీవీలు బంద్ చెయ్యుండ్రి! మా కిరాయికున్న పిల్ల కూర కాలుస్తున్నది!"

"వద్దండీ, పరువు పోతుంది," అనేలోపే ఇళ్లు ఒక్కొక్కటిగా చీకటైపోయాయి. అప్పుడే టీవీలో సినిమా క్లైమాక్సుట. ఇక్కడ ఓవెన్ మాత్రం భగభగా వేడెక్కింది. కాసేపటికి వాసన వీధిలోకి వెళ్లింది. ముక్కల అంచులు కాస్త మాడాయి గానీ, రుచంతా ఆ మాడులోనే ఉంది.

"అయిపోయిందండీ, వేసుకోండి," అన్నాను. అందరూ ఒక్కసారే స్విచ్చులు వేశారు. ఫట్‌మని ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోయింది.

ఇక సినిమా లేదు, దీపం లేదు. జనమంతా బయటికొచ్చి, మా ఇంటి ముందున్న ఇసుక కుప్ప మీద చేరారు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ముక్కల మీద నిమ్మకాయ పిండి, పళ్లెం తెచ్చి వాళ్ల మధ్య పెట్టి, తిట్లకోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను.

"మస్తుగున్నదమ్మా," అన్నారొకరు. "ఆ పళ్లెం ఇటు తిప్పండి," అన్నారు ఇంకొకరు. నా ప్రాణం లేచొచ్చింది. పళ్లెం ఖాళీ అవుతుంటే చీకట్లోంచి ఒక చెయ్యి మాత్రం మాటిమాటికీ వస్తోంది. ఆండాళమ్మగారు దాన్ని గట్టిగా పట్టుకుని, టార్చి వేసి చూశారు. మావారు. నోటినిండా క్యాలీఫ్లవర్.

"ఓడిపోయినవ్ అల్లుడా," అన్నారావిడ. వీధంతా చప్పట్లు. ఆ క్షణంలో నా గర్వం చూడాలి మీరు.

ఆయన మాట తప్పే మనిషి కాదు. రోజూ రాత్రి అదే కూర కావాలంటున్నారు. రోజూ వీధిని చీకట్లో కూర్చోబెట్టలేను కదా. మాకు కరెంటు నిండుగా ఉండేది తెల్లవారుజామునే. అందుకని కోడి కూయకముందే లేచి, రాత్రి భోజనానికి కూర కాలుస్తున్నాను. పందెం ఓడినాయన పక్కగదిలో హాయిగా గురక పెడుతుంటారు.