పాత కారుకు కొత్త ప్లగ్గులు

మా బాపు చక్కెర ఫ్యాక్టరీ కోసం చెరుకు తోటల వెంట తిరిగే ఉద్యోగం చేసిన రోజుల్లో ఒక పాత పెట్రోలు కారు కొన్నాడు. బోధన్‌లో మా ఇంటి ముందు రేకుల షెడ్డు కింద అది ఇప్పటికీ ఉంది. నాలుగు సిలిండర్లూ బడి ప్రార్థనలో పిల్లల్లా ఒకే వరుసలో నిలబడి ఉండే ఇంజను దానిది. ఒక్కో సిలిండరుకు ఒక్కో స్పార్క్ ప్లగ్గు. నాలుగూ తమ వంతు రాగానే నిప్పు రవ్వ వేస్తేనే బండి సాఫీగా నడుస్తుంది. నిరుడు చలికాలంలో వాటిలో ఒకటో రెండో పని ఎగ్గొట్టడం మొదలుపెట్టాయి. బండి స్టార్టయ్యేది కానీ దగ్గేది, వణికేది, గేటు దాటకముందే ఆగిపోయేది.

సరిగ్గా అప్పుడే ఆర్‌సీ రెన్యువల్ గడువు కూడా వచ్చిపడింది. మూడు వారాల్లో, ఒక బుధవారం నాడు, బండిని నిజామాబాద్‌కు తీసుకెళ్ళి ఆర్టీవో ఆఫీసులో చూపించాలి. బాపు ఎడమ మోకాలు అరిగిపోయి క్లచ్ తొక్కనివ్వడం లేదు. తాను నడపలేని బండి ఇంటి ముందు నిలబడి ఉండటం ఆయనకు కంట్లో నలుసులా ఉంది. పరీక్ష పాసైతే ఉంచుకుందాం, లేదంటే గురువారమే పాత ఇనుప సామాను వ్యాపారికి ఇచ్చేస్తానని తేల్చేశాడు. అతనికి మాట కూడా ఇచ్చేశాడు.

"నాకు రిటైర్మెంట్ అయింది. ఇగ దానిక్కూడ ఇయ్యాలె" అన్నాడు.

"అది నిన్ను అన్నం అడుగుతున్నదా? ఉండనియ్యరాదు" అంది అవ్వ.

మా వైపు నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటాం. మా అవ్వ బాపు మాటకు ఎదురు చెప్పడం నేను చూసింది బహు తక్కువ. బండి ఎందుకు కావాలని అడిగితే కారణం చెప్పలేదు, కొంగు దులుపుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. కారణం తెలియకపోయినా నేను అక్కడికక్కడే అవ్వ పక్షం చేరిపోయాను. నాకు డ్రైవింగ్ వచ్చు, నేను నడుపుతానని బాపుతో అన్నాను.

నేను నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో పదో తరగతికి భౌతికశాస్త్రం చెబుతాను. ఆదివారాలు బస్సెక్కి బోధన్ వస్తాను. ఆ చదువు ఉంది గనక ప్లగ్గుల సంగతి నాకు వదిలేయండని గొప్పగా అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

విప్పి తీసిన పాత ప్లగ్గు ఒకటి రుమాలులో చుట్టుకుని నిజామాబాద్‌లో స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్ళాను. దుకాణదారు బండి పేరు విని కళ్ళద్దాలు నెత్తి మీదికి నెట్టాడు.

"అది ఇంకా ఉన్నదా మేడం?"

"ఉన్నది. మీరు ప్లగ్గులిస్తే ఇంకా ఉంటది" అన్నాను.

ఆయన మంచివాడు. పాత నంబరు ఇప్పుడు రావడం లేదని, దానికి సరిపోయేది వెతకాలని నలిగిపోయిన పుస్తకం ఒకటి తీశాడు. ప్లగ్గు అంటే ప్లగ్గే అనుకునే నాకు గంటసేపు పాఠం చెప్పాడు. ప్లగ్గును బిగించే మర పొడవు ఎక్కువైతే లోపల పిస్టను తలకు తగులుతుంది. తక్కువైతే రవ్వ సరైన చోట పడదు. అన్నిటికంటే ముఖ్యం వేడి నంబరు. చల్లటి ప్లగ్గు వేస్తే మసి పట్టి నల్లబడుతుంది, మరీ వేడిది వేస్తే తెల్లగా కాలిపోతుంది. సరైనదైతే కొస కాల్చిన ఇటుక రంగుకు తిరుగుతుంది. మా పాత ప్లగ్గును మర పక్కన మర పెట్టి కొలిచి, నాలుగు కొత్తవి చేతిలో పెట్టాడు.

ఆదివారం పొద్దున్నే అవ్వ వాటిని పళ్ళెంలో పెట్టి దేవుడి అర్రలోకి తీసుకెళ్ళింది. కాసేపటికి తెచ్చి బాపుకు ఇచ్చింది. బాపు ఇనుము కోసే పాత ఆక్సా బ్లేడు ముక్కను ప్లగ్గు కొస సందులో దూర్చి, అంతే గ్యాపు ఉండేట్టు సరిచేసి, నాలుగూ బిగించాడు. తాళం తిప్పాను. బండి ముందుకంటే ఎక్కువ దగ్గింది.

ప్లగ్గులు మళ్ళీ విప్పి, పెట్రోలు గుడ్డతో తళతళలాడేలా తుడిచి, కాగితంలో కట్టుకుని మెకానిక్ చాచా దగ్గరికి పోయాను. చాచా మా బాపు ఈడువాడు. బోధన్‌లో పెట్రోలు ఇంజన్లు తెలిసినవాళ్ళు ఇప్పుడు ఆయన తప్ప దాదాపు ఎవరూ లేరు. నేను ఎంత తుడిచినా ప్లగ్గుల కొసలకు మాత్రం మసి అలాగే ఉంది. చాచా వాటిని వెలుతురుకు పట్టి చూశాడు.

"టీచరమ్మా, గిది నీ బండికి ఠండా అయితున్నది. జర గరం నంబరు తెచ్చుకో" అన్నాడు.

మళ్ళీ నిజామాబాద్, మళ్ళీ అదే దుకాణం. వేడి నంబరు తెచ్చాను. మళ్ళీ పళ్ళెం, మళ్ళీ దేవుడి అర్ర, మళ్ళీ ఆక్సా బ్లేడు. బండి ఈసారి దగ్గడమే కాదు, సైలెన్సర్‌లోంచి ఒక్క పేలుడు పేల్చింది. పక్కింటి కోళ్ళు గోడెక్కాయి. బాపు నా ముందే సెల్‌ఫోను తీసి ఇనుప వ్యాపారికి గురువారం సంగతి గుర్తుచేశాడు. నాకు కోపం వచ్చింది. అవ్వ ముఖం చూస్తే కోపం పోయి దిగులేసింది. ఆమె అరచేత్తో బానెట్ మీద దుమ్ము తుడుస్తూ నిలబడింది.

మూడో ఆదివారానికి ఆ రెండు నంబర్లకు మధ్యది తెచ్చాను. ఇంక తప్పు జరగకూడదని చాచాను ఇంటికే పిలిచాను. ఆయన సైకిలు గోడకు ఆనించి లోపలికి వచ్చేసరికి అవ్వ పళ్ళెంతో ఎదురొచ్చింది. నాలుగు ప్లగ్గులూ వరుసగా పడుకుని ఉన్నాయి. ఒక్కొక్క దాని తెల్లటి పింగాణీ నడుముకు తడి పసుపు మందంగా రాసి ఉంది. దాని మీద పెద్ద కుంకుమ బొట్టు.

చాచా వాటి వంక చూశాడు, అవ్వ వంక చూశాడు.

"వదినా, మొదటి రెండు సార్లు కూడ గిట్లనే పెట్టినవా?"

"పెట్టిన. అప్పుడు కొంచెమే పెట్టిన, అందుకే పనిచేస్తలేవేమోనని గీసారి గట్టిగ పెట్టిన" అంది అవ్వ.

చాచా గడప మీద కూలబడి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ప్లగ్గు లోపల సందు దూకాల్సిన కరెంటు, తడి పసుపు దారి దొరికితే పింగాణీ బయటి నుంచే జారి ఇనుములోకి దిగిపోతుంది. రవ్వ పడని సిలిండరులో పెట్రోలు కాలక మసి పడుతుంది. ఆ మసి చూసి చాచా చల్లటి ప్లగ్గు అన్నాడు. ఆయన తప్పేమీ లేదు, ఆయనకు చూపించేముందు పసుపు శుభ్రంగా తుడిచింది నేనే. తడి వస్తువు కరెంటును పోనిస్తుందని ఏటా పిల్లలకు బల్బు వెలిగించి చూపించేదీ నేనే. కానీ మా ఇంట్లో మిక్సీకి బొట్టు, గ్యాసు పొయ్యికి బొట్టు, నా సెల్‌ఫోను డబ్బాకు కూడా బొట్టు. చిన్నప్పటి నుంచి చూసి చూసి ఆ పసుపు నా కంటికి ఆనడమే మానేసింది. బాపు కంటికీ అంతే.

అవ్వ పళ్ళెం కింద పెట్టింది. "నేనే ఖరాబు చేసిన్నా?" అంది మెల్లగా.

"ఖరాబు ఏం గాలే వదినా. స్టీరింగుకు పెట్టు, బానెట్‌కు పెట్టు, చక్రాలకు పెట్టు. గీ తెల్లటి పింగాణి ఒక్కటి నాకు ఇడిసిపెట్టు" అన్నాడు చాచా.

ఆయన కొత్తవి పక్కన పెట్టించాడు. దుకాణదారు పుస్తకం చూసి ఇచ్చిన మొదటి నాలుగే సరైనవని చెప్పి, వాటి మసి గీకి, కడిగి, ఎండలో ఆరబెట్టి బిగించాడు. తాళం తిప్పగానే ఇంజను ఒకే గొంతుతో అందుకుంది. బాపు షెడ్డు స్తంభం పట్టుకుని కళ్ళు మూసుకుని విన్నాడు. నాలుగూ పలుకుతున్నాయని ఆయన ముఖమే చెప్పింది. ఆ బండి మీద ఆయనకు ప్రేమ చావలేదని నాకు అప్పుడు అర్థమైంది.

బుధవారం బడికి సెలవు పెట్టి బండిని నిజామాబాద్ తీసుకెళ్ళాను. పాసైంది. సాయంత్రం బాపు ఇనుప వ్యాపారికి ఫోన్ చేసి, ఎవరో తనను బలవంతపెట్టినట్టు గొంతు పెట్టి, ఇవ్వడం కుదరదని చెప్పాడు. అవ్వ ఆ రాత్రి ఎవరూ అడగకుండానే పాయసం చేసింది.

వచ్చిన ఆదివారం చందూర్‌లో మా చిన్నవ్వ, అంటే మా పిన్ని, ఇంటికి ముగ్గురం బయలుదేరాం. నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాను. అవ్వ కొత్త చీర కట్టుకుని వచ్చి, నేరుగా ముందు తలుపు తీసి నా పక్కన కూర్చుంది. ఆ సీటు ఎప్పుడూ ఫ్యాక్టరీ ఆఫీసర్లది, రైతులది, బాపు ఫైళ్ళది. ఆమె అందులో కూర్చోగా నేను ఎన్నడూ చూడలేదు. కర్ర పట్టుకుని వచ్చిన బాపు ఒక నిమిషం అలాగే నిలబడి నా వంక చూశాడు. నేను ఇంజను స్టార్టు చేశాను. ఆయన వెనుక తలుపు తీసుకుని, అవ్వ ఎప్పుడూ కూర్చునే చోట కూర్చున్నాడు.

ఊరు దాటి పొలాల్లోకి వచ్చాక వెనుక నుంచి పిడి తిప్పుతున్న చప్పుడు వినిపించింది.

"గీ అద్దం దిగుతలేదేంది?" అన్నాడు బాపు.

"కొన్ననాటి సంది దిగుతలేదు" అంది అవ్వ, వెనక్కి తిరగకుండానే.

"మరి నాకు చెప్పద్దా?"

"చెప్పిన. నువ్వు ఆఫీసర్‌తోని మాట్లాడుతున్నవు."

చిన్నప్పుడు నేను ఆమె పక్కనే, అవతలి కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. నా అద్దం దిగేది.

అవ్వ తన వైపు పిడి పట్టుకుని అద్దాన్ని అడుగుదాకా దించింది. చందూర్ వచ్చేదాకా ఎత్తలేదు.