వెనక్కి నడుస్తూ నాటిన మడ మొక్కలు

గోదారమ్మ మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజమండి.

మొన్న వర్షాకాలంలో మా రామచంద్రపురం వాళ్ళం కొందరం సముద్రం దగ్గర గోదారి పాయ ఒడ్డున, ఉప్పునీటి బురదలో పెరిగే మడ మొక్కలు నాటడానికి వెళ్ళాం. అక్కడి మడ అడవి నరికేశాక, చేపలు పట్టుకు తినే నీటిపిల్లులు కనిపించకుండా పోయాయట. అడవి పెరిగితే అవీ తిరిగొస్తాయని ఆశ.

మాకు తెలిసిన నాటు వరినాటే. వంగి, వెనక్కి నడుస్తూ హుషారుగా నాటుకుంటూ పోయాను. వెనక పాయ ఉందన్న సంగతే మర్చిపోయి నడుందాకా బురదలో దిగబడ్డాను. చూస్తే సముద్రపు పోటు మొదలై నీళ్ళు పైకి ఎక్కుతున్నాయి.

"కదలకండి బాబుగారండీ, ఇంకా దిగిపోతారు!" అని అరిచింది మా ఊళ్ళో నాట్లకు పెట్టింది పేరైన ముత్యాలమ్మ. "ముందా మొక్కలు ఇటివ్వండి."

"నేను పోతుంటే మొక్కలేంటమ్మా!"

"చేతులు ఖాళీ అయితేనే కదండీ తాడు పట్టుకునేది!"

పడవ తాడు విసిరి, అందరూ కలిసి బయటికి లాగారు. పంచె మాత్రం పాయకే వదిలేశాను. అవతలి ఒడ్డున ఓ నీటిపిల్లి కూర్చుని నన్నే జాలిగా చూసింది.

ఆ పిల్లి ఒక్కటే నా కల్పనండి. ఇప్పటికీ ఒక్కటీ రాలేదు. ప్రతి ఆదివారం వెళ్ళి మొక్కలు చూసొస్తున్నాను. నా అబద్ధం నిజం కావాలంటే అవి బతకాలి కదా!