ఎదురు కుర్చీ

చెవులమ్మ అంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. చెవులు పెద్దవని ఆ పేరు రాలేదు. కింద మందుల షాపు ముందు ఎవరైనా నిట్టూరిస్తే, మేడమీద ఆవిడ గది కిటికీ దానంతటదే తెరుచుకుంటుందని చెప్పుకునేవారు. కళ్లారా చూశామనేవాళ్లూ ఉన్నారు. వాళ్లలో సగంమంది ఆ వీధి మొహం చూసినవాళ్లు కాదు.

ఆవిడ మానసిక చికిత్స చేసేది. అంతకుముందు ఎముకల ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. ఎముక చక్కగా అతుక్కున్నా కాలు కదలనని మొరాయించడం అక్కడే చూసింది. కాలికి లేని రోగం మనిషికి ఉందని అర్థమై, మళ్లీ పుస్తకాలు పట్టి మనసు చదువు చదివింది. అందుకే వచ్చినవాళ్లని "ఏమిటి బాధ?" అని అడిగేది కాదు. చెప్పులు విప్పించి, గదిలో అటూ ఇటూ నడిపించేది. నిద్ర ఎలా పడుతోంది, ఎవరితో కూర్చుని తింటున్నారు, ఊపిరి ఎక్కడ ఆగుతోంది, ఇవన్నీ అయ్యాకే మిగతా కథ. మాత్రలు కావలసినవాళ్లని డాక్టరు దగ్గరికి పంపేది.

"మనసు ఒంటరిగా రాదు. ఒంటినీ ఇంటినీ వెంటేసుకుని వస్తుంది" అనేది.

తమ్ముడు పోయాక కూడా ఆవిడ పని మానలేదు. ఏడవలేదు. ఏడుపు రానందుకు వింతగానూ అనిపించలేదు. కాఫీ చల్లారితే చల్లారిందే తాగేది. ఎదుటివాళ్ల మాటలు గోడ అవతలివాళ్ల మాటల్లా వినిపించేవి. తల ఊపాల్సిన చోట ఊపేది. వీళ్లకి మేలు చేస్తున్నానా, కీడు చేస్తున్నానా అన్నదొక్కటే అప్పుడప్పుడు గుచ్చేది. అదీ మొద్దు సూదితో గుచ్చినట్టే.

ఒకరోజు బట్టలు కుట్టే ఆవిడ వచ్చింది. కూతురితో మాటల్లేక, నిద్ర పట్టక కొన్నాళ్లుగా వస్తోంది. గుమ్మంలోనే నిలబడిపోయింది.

"కూర్చోండమ్మా."

"ఎక్కడ?"

"ఎప్పుడూ కూర్చునే చోటే."

"అక్కడ మీరున్నారుగా."

చెవులమ్మ చూసుకుంది. తను వచ్చినవాళ్లు కూర్చునే మెత్తకుర్చీలో ఉంది, పక్కన రుమాళ్ల డబ్బా. గడియారం కనిపించే తన చెక్కకుర్చీ ఎదురుగా ఖాళీగా ఉంది.

"పోయినసారీ ఇంతేనమ్మా" అంది కుట్టే ఆవిడ. "ఇదేదో కొత్త వైద్యమనుకున్నా. నన్ను డాక్టర్ని చేశారే అని ఇంటికెళ్లి మా అమ్మాయితో చెబితే నవ్వింది. ఎన్నాళ్లకో."

చెవులమ్మ లేవబోయింది. కాళ్లు లేవలేదు. ఎముకల వార్డులో ఇలాంటి కాళ్లు ఎన్ని చూసిందో.

"మీరు చెప్పేదాంట్లో సగమే వింటున్నానమ్మా. అది మీకు అన్యాయం. కొన్నాళ్లు నాలాగే ఈ వైద్యం చేసే ఇంకొకావిడ దగ్గరికి వెళ్లండి, నేను మాట్లాడి పెడతాను."

"మళ్లీ మీరెప్పుడు చూస్తారు?"

"తెలియదు."

"సరే. మరి ఇవాళ నడవాలా, వద్దా?"

"వద్దు."

ఆవిడ వెళ్లాక, తనకి ఈ పని నేర్పిన మాస్టారికి ఫోన్ చేసింది.

"ఏమిటే, నీ గొంతు అలా ఉంది?"

"ఎలా ఉంది, మాస్టారూ?"

"ఏ రకంగానూ లేదు. రేపు రా."

మర్నాడు మాస్టారి గదిలో చెప్పులు విప్పి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచింది.

"నేల ఎలా ఉంది?"

ఆగి, మడమ నేలకి నొక్కి చూసింది. "చల్లగా ఉన్నట్టుంది."

"ఉన్నట్టుందా, ఉందా?"

చెవులమ్మ తన పాదాల వైపు చూసుకుంది.

"ఇంకోసారి నడుస్తాను" అంది.