వంతలో తప్పిన గొంతు

ఆదోని చరిత్ర రాసినవాళ్లందరూ కొండమీది కోట దగ్గరే ఆగిపోయారు. విజయనగరం వాళ్లు ఏలిన సంగతి, బీజాపూరు వాళ్లు పట్టుకున్న సంగతి, టిప్పు సుల్తాను ముట్టడించిన సంగతి వరుసగా రాసి, ఇక ఆ తర్వాత ఈ ఊళ్లో చెప్పుకోదగ్గది ఏదీ జరగలేదన్నట్టు కలం మూసేశారు. బజారు చివర హనుమేష్ మెడికల్ షాపు షట్టరు ప్రతి మధ్యాహ్నం సగం దాకా దిగుతుందన్న విషయం వాళ్లలో ఒక్కరూ గమనించలేదు. ఇది చిన్న లోపం కాదు. దాన్ని సవరించవలసిన బాధ్యత ఎవరో ఒకరు తీసుకోవాలి గనక ఇక్కడ తీసుకోవడమైనది.

షట్టరు సగం దిగాక హనుమేష్ టిఫిన్ డబ్బాలోని జొన్నరొట్టె తిని, చెయ్యి కడుక్కుని, సెలైన్ పెట్టెల పక్కనున్న బల్ల మీద వెల్లకిలా పడుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకునేవాడు. కళ్లు మూసుకుని, తాను పుట్టకముందు ఇంగ్లండులో ఎక్కడో గిటారు వాయించిన ఒక మనిషి వేళ్లను వినేవాడు. పాటను కాదు. పాటను ఎవరైనా వింటారు. హనుమేష్ వినేది పాటలోంచి విడదీసిన ఒక్క గిటారును, లేకపోతే ఒక్క డ్రమ్మును, లేకపోతే ఒక్క గొంతును.

అప్పటి రాక్ బృందాలు స్టూడియోలో వెడల్పాటి టేపు మీద డ్రమ్ములకొక దారి, గిటారుకొక దారి, గొంతుకొక దారి పెట్టి, దేన్ని దానికి వేరుగా రికార్డు చేసి చివర్లో కలిపేవాళ్లు. ఆ వేరువేరు దారులు ఎలాగో బయటపడి ఇప్పుడు ఇంటర్నెట్‌లో తిరుగుతున్నాయి. కలిపి వింటే గుండెలు అదిరే పాట, విడిగా వింటే ఒక మనిషి గదిలో ఒంటరిగా కూర్చుని తన పని తాను చేసుకుంటున్నట్టు ఉంటుంది. డ్రమ్ములవాడి స్టూలు కిర్రుమంటుంది. పాడేవాడు చరణానికి ముందు గుటక వేస్తాడు. కర్నూలులో డి.ఫార్మసీ చదివేటప్పుడు హాస్టల్ గదిలో ఈ పాటలనే క్యాసెట్లు అరిగిపోయేదాకా విన్న హనుమేష్‌కు, ఆ స్టూలు కిర్రు మొదటిసారి వినపడ్డప్పుడు పాత స్నేహితుడి ఇంట్లోకి దొడ్డిదారిన వెళ్లినట్టనిపించింది.

వాటన్నిటిలోకీ అతణ్ని పట్టుకుని వదలనిది ఒక గొంతు. లోకమంతా మెచ్చిన గాయకుడు. వాద్యాలన్నీ తీసేస్తే, రెండో చరణంలో పైస్థాయికి పోయేచోట ఆ మహానుభావుడు వెంట్రుకవాసి కిందికి జారాడు. గిటార్లూ డ్రమ్ములూ కలిసి ఆ జారుడును ఇన్నేళ్లూ కడుపులో పెట్టుకుని దాచాయి. హనుమేష్ ఆ చోటును వెనక్కి జరిపి జరిపి విన్నాడు. మొదట సంతోషపడ్డాడు. తర్వాత భయపడ్డాడు. రెండింటికీ కారణం ఒకటే. హనుమేష్ కూడా పాడతాడు.

శనివారం సాయంత్రాలు ఆంజనేయస్వామి గుడిలో భజన ఉంటుంది. ముందు పాడేది ఓబులేష్ సారు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా రిటైరై, విజిలు వదిలి తాళాలు పట్టినవాడు. ఆయన దగ్గర చదివినవాళ్లకు ఆయన తాళం ఇప్పటికీ విజిల్లాగే వినపడుతుంది. హార్మోనియం ఈరప్పది. తక్కినవాళ్లు వంత, అంటే సారు పాడిన పాదాన్ని అందుకుని మళ్లీ పాడేవాళ్లు. ఆ వంతలో, రెండో వరుసలో, హనుమేష్. అతని పక్కన టైలర్ మారెన్న.

ఆ వంతలో కొంతకాలంగా ఒక గొంతు తప్పుతోంది. స్వామిని పేరుపెట్టి పైకెత్తి పిలిచేచోట అందరూ పైదాకా పోతే, ఒక్కరు మాత్రం బస్సు స్టాండుకు చేరకముందే దిగిపోయినట్టు మధ్యలో దిగిపోతున్నారు. అప్పుడు సారు పాట ఆపి, పైకప్పు వంక చూసి, "ఎవురప్పా అది?" అంటాడు. పైకప్పు చెప్పదు. వంత అంతకన్నా చెప్పదు.

ఆ గొంతు తనదేనని హనుమేష్ అనుమానం. తబలా, తాళాలు, హార్మోనియం, చుట్టూ ఇంతమంది గొంతులు మోగుతుంటే తన గొంతు తనకు వినపడదు. ఇంటికొచ్చి పాడుకుంటే బాగానే ఉంటుంది గానీ అక్కడ దొంగా తానే, పోలీసూ తానే. ఈ అనుమానం పైకి చెప్పుకోవడానికి వీల్లేదు. ఆదోనిలో రాయి విసిరితే ఒక హనుమేష్‌కు తగులుతుంది. ఇన్నేళ్ల వంతపాట వల్ల ఇతనికి మాత్రం భజన హనుమేష్ అని పేరొచ్చింది. ఆ 'భజన' పోతే మిగిలేది ఉత్త హనుమేష్. దగ్గుమందు అడిగితే ఇచ్చేవాడు, ఇంటికి పాలు తేవడం మరిచిపోయేవాడు.

ఒక మధ్యాహ్నం బీపీ ట్యాబ్లెట్ల కోసం ఓబులేష్ సారు సగం షట్టరు కింది నుంచి వంగి లోపలికొచ్చాడు.

"ఏమప్పా హనుమేషా, పట్టపగలు పీనుగ మాదిరి పండుకొనుండావు?"

"లేదు సార్, పాట వింటాండా."

ఇక్కడితో ఊరుకుని ఉంటే ఏ గొడవా లేదు. కానీ తన విద్యను ఒక్కరికైనా చూపించాలన్న కోరిక హనుమేష్‌లో చాలాకాలంగా మూలుగుతోంది. ఒక ఇయర్‌ఫోను తీసి, చొక్కాకు తుడిచి, సారు చెవిలో పెట్టాడు.

"వాయిద్యాలన్నీ తీసేసినారు సార్. గొంతొకటే ఉంటాది. ఇప్పుడొస్తాది చూడు... ఆ, ఆడ! జారినాడు. వినపడెనా?"

"వినపడె. ఊపిరి పీల్చేది గూడ వినపడతాండాది. ఎవురు వీడు?"

"శానా పెద్ద సింగరు సార్."

"ఎంత పెద్దోడైతే ఏమి, దొరికిపోయినాడు గదా." సారు ఇయర్‌ఫోను తీసి అరచేతిలో పెట్టుకుని కాసేపు దాన్నే చూశాడు. డ్రిల్లు పీరియడ్లో ఎవడో గోడ దూకాడని తెలిసినప్పుడు ఆయన మొహం అలాగే ఉండేది. "అట్లయితే మన భజనను గూడ ఇట్లే విడదీయొచ్చు గదప్పా?"

"అది... వీళ్లవైతే అప్పుడే స్టూడియోలో..."

"మా భువన చెప్తాండె. ఫోన్లో ఏదో యాప్ ఉండాదంట, పాట ఏస్తే యాడిదాడికి విడగొడతాదంట. ఈ శనివారం రికార్డు చేద్దాం. ఆ తప్పు పాడే నాకొడుకు ఎవురో తేల్తాది."

"తేలితే ఏం చేస్తావు సార్?"

"శ్రావణంలో ఉరుకుంద ఈరన్న జాతరలో పాడేది ఉండాది గదా. ఆడ తప్పితే మన పరువేం గావాల? వాణ్ని వంతలోంచి లేపి చెప్పులకాడ కాపలా పెడతా."

సారు ట్యాబ్లెట్లు జేబులో వేసుకుని, వచ్చినట్టే వంగి వెళ్లిపోయాడు. హనుమేష్ మాత్రం బల్ల మీద కూర్చుండిపోయాడు. మెడకు తాడు ఎవరైనా వేస్తారు. దాన్ని తానే పేని, తుడిచి, చెవిలో పెట్టి మరీ అందించినవాళ్లు అరుదు.

ఆ సాయంత్రం ఇంట్లో అతని భార్య మహాదేవి రొట్టె తడుతోంది.

"మే, నేను పాడేది బాగుంటాదా?"

"యాడ?"

"యాడేంది, భజనలో."

"ఆడ అంతమంది అరుస్తాంటే నీది యాడ వినపడతాది?"

"ఒగేళ వినపడితే?"

"ఇన్నేండ్లు వినపడంది ఇప్పుడేల వినపడతాది?"

హనుమేష్ పైకెత్తే పాదాన్ని అక్కడే నిలబడి పాడాడు. మహాదేవి రొట్టె తిప్పేసి, "బాగుండాది" అంది.

"నిజంగానా?"

"బాగలేదంటే మళ్లా పాడతావు గదా."

ఆ వారం హనుమేష్ గొంతు మీద జరిగిన ప్రయోగాలను వైద్యశాస్త్రం కూడా నమోదు చేసుకోలేదు. షాపులో ఉన్న చప్పరించే మాత్రలన్నీ రుచి చూశాడు. ఇంట్లో మిరియాల కషాయం తాగాడు. ఫోన్లో తన గొంతు రికార్డు చేసుకుని వింటే, అది వేరెవరిదో, అందులోనూ ఏదో అర్జీ పెట్టుకోవడానికి వచ్చినవాడిదిలా ఉంది. జ్వరం మాత్రకని వచ్చిన ఒకాయన హనుమేష్ లోగొంతుతో పాదం ఎత్తుతుండడం విని, "ఒంట్లో బాగలేదాప్పా?" అని పలకరించి పోయాడు. మధ్యాహ్నం బల్ల మీద పడుకున్నా సుఖం లేదు. ఇదివరకు ఇంగ్లీషు గాయకుడు జారిన చోట తనకొక తోడు దొరికినట్టుండేది. ఇప్పుడు అదే చోట ఆ మనిషిని బజార్లో నిలబెట్టి చొక్కా విప్పించినట్టుంది. పాపం, తన గొంతును ఇలా విడదీసి, ఆదోనిలో ఒకడు రొట్టె తిని పడుకుని వింటాడని ఆయనకు ఎవరు చెప్పారు?

శుక్రవారానికి ఒక నిర్ణయానికొచ్చాడు. పాడకూడదు. పెదాలు మాత్రం కదపాలి. లేని గొంతును ఏ యాప్ విడదీస్తుంది? వంతలో ఒకడు తగ్గినంత మాత్రాన స్వామికి కోపం రాదు.

శనివారం సారు కూతురు భువన వచ్చింది. కర్నూలులో ఇంజనీరింగ్ చదువుతున్న ఆ అమ్మాయి ఫోనును స్టీలు చెంబుకు ఆనించి అందరి ముందూ నిలబెట్టింది. తెర మీద ఎర్రచుక్క వెలిగింది. వంతలోని వాళ్లందరూ ఆ చుక్క వైపు, తీర్పు చెప్పే జడ్జి వైపు చూసినట్టు చూశారు. మారెన్న ఆషాఢంలో మెడకు మఫ్లరు చుట్టుకొచ్చాడు.

సారు ఎత్తుకున్నాడు. వంత అందుకుంది. హనుమేష్ పెదాలు చక్కగా కదులుతున్నాయి. ఈరోజు హార్మోనియం మరీ గట్టిగా వినపడుతోందేమిటా అని అతనికి ఒకసారి అనిపించింది గానీ, ఆ సంగతి ఆలోచించే స్థితిలో లేడు. స్వామిని పైకెత్తి పిలిచే పాదం దగ్గర పడుతోంది. పెదాలు, పెదాలు మాత్రమే అని లోపల జపిస్తున్నాడు. పాదం రానే వచ్చింది. ఇన్నేళ్ల అలవాటు, నోరు ఊరుకోలేదు. గొంతు దానంతటదే లేచి పైకి పోయింది. సగంలో గుర్తొచ్చి పళ్లు కరుచుకున్నాడు. అప్పటికే ఎర్రచుక్క అంతా వినేసింది.

ఆదివారం మధ్యాహ్నం అందరూ మళ్లీ గుడి మంటపంలో కూర్చున్నారు. రమ్మని ఎవరూ చెప్పకపోయినా ఒక్కరూ మానలేదు. మానితే తప్పు ఒప్పుకున్నట్టు. భువన ఫోనును చిన్న స్పీకరుకు కలిపింది.

మొదట తబలా ఒక్కటే వినిపించింది. అందరూ అవసరానికి మించి తలలూపారు. తర్వాత హార్మోనియం. ఈరప్ప ఊపిరి వదిలి గోడకు ఆనుకున్నాడు.

"ఇంక గొంతు ఏస్తాండా" అంది భువన.

సారు గొంతు వచ్చింది. పాదం ముగిసింది. వంత రావలసిన చోట ఏమీ రాలేదు. ఎవరో గుటక వేసిన చప్పుడు మాత్రం స్పష్టంగా వినపడింది. సారు రెండో పాదం. మళ్లీ నిశ్శబ్దం.

"ఏమప్పా, మీరంతా యాడికి పోయింటిరి?" అన్నాడు సారు.

"పాడినాం సార్. యాప్ తినేసిందేమో" అన్నాడు మారెన్న.

"యాప్ ఏం తినదు మారెన్నా" అంది భువన.

అప్పుడు పైకెత్తే పాదం వచ్చింది. ముందు ఒక ఊపిరి. తర్వాత వెనక వరుసల్లోంచి, పలుచగా, ఒక గొంతు. సగం దూరం పైకి పోయింది, జారింది, పుటుక్కున తెగిపోయింది.

హనుమేష్ గుర్తుపట్టాడు. తనదే. ఆ ఊపిరి తనది, ఆ జారుడు తనది. ఇన్నాళ్లూ పరాయివాళ్ల గొంతుల్ని విడిగా విన్న చెవికి తన గొంతు తెలియకుండా ఉంటుందా? సారు తల పైకెత్తుతున్నాడు. అడిగించుకోవడం కన్నా చెప్పేయడమే మర్యాద. హనుమేష్ మోకాళ్ల మీద చేతులు పెట్టి సగం లేచాడు.

"సార్, అది..."

"నాది సార్" అన్నాడు మారెన్న, మఫ్లరు విప్పుతూ. "శానా దినాల్నుంచి నాకు అనుమానమే. నోరు మూసుకుందామనుకుంటి. ఆ జాగాకొచ్చేసరికి బయటికొచ్చె."

హనుమేష్‌కు కోపం వచ్చింది. వారమంతా కషాయం తాగింది తాను. "నీదేంది మారెన్నా? అది నాది."

"నా గొంతు నాకు తెలీదా?"

"నాకు తెలీదా?"

"ఇద్దరూ ఊరుకోండప్పా" అని వెనకనుంచి ఇంకొకరు. "అది నాది. మా ఇంట్లో ఎవుర్నైనా అడగండి."

అటు తర్వాత మంటపం మార్కెట్ యార్డులో పత్తి వేలంలా తయారైంది. ఇంతకాలం ఒక్క దొంగ దొరకని సారుకు ఇప్పుడు వంతకు వంత దొరికిపోయింది. ఆయన తాళాలు ఒకసారి గట్టిగా కొట్టాడు. పాత శిష్యులందరూ నిశ్శబ్దమైపోయారు.

"పాపా, ఇంగా కొంచెం విడదీయి. ఎవురిదో తేలాల."

"ఇంతకంటే విడదీయదు నాన్నా. తబలా వేరే, హార్మోనియం వేరే, గొంతు వేరే. ఒకరు పాడినా పదిమంది పాడినా దానికి గొంతంటే ఒకటే. ఇంగ్లీషు పాటలైతే మొదట్లోనే వేరేవేరేగా రికార్డు చేసింటారు."

ఆ రోజు షట్టరు కింద హనుమేష్ చెప్పబోయి చెప్పలేకపోయింది ఈ మాటే.

సారు చాలాసేపు పైకప్పు వంక చూశాడు. "అట్లయితే ఉరుకుందకు అందురూ రండి" అన్నాడు చివరికి. "చెప్పులు ఎవురివి వాళ్లే చూసుకోండి. కానీ ఆ జాగా బాగు చేయాల్సిందే."

బాగు చేశారు. శ్రావణం దాకా రోజూ సాయంత్రం గుడిలో కూర్చుని ఆ ఒక్క పాదాన్నే పాడారు. మిరియాల కషాయం ఇప్పుడు అందరిళ్లలోనూ కాగింది. హనుమేష్ మధ్యాహ్నం ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం మానేసి, షట్టరు దించి ఆ పాదం పాడుకున్నాడు. ఒకరోజు సరిగ్గా వచ్చినట్టుండేది, మర్నాడు అనుమానం తిరిగొచ్చేది. మహాదేవి, "బాగుండాది" అనడం కూడా మానేసి చెయ్యి మాత్రం ఊపేది.

ఉరుకుందకు వెళ్లిన శ్రావణ సోమవారం అక్కడ ఎటు చూసినా జనమే. పందిట్లో రెండో వరుసలో హనుమేష్, పక్కన మారెన్న. సారు ఎత్తుకున్నాడు, వంత అందుకుంది, పాదం దగ్గరికొచ్చింది. ఈసారి పళ్లు కరవలేదు. కళ్లు గట్టిగా మూసుకుని, ఉన్న ఊపిరంతా పెట్టి పైదాకా పాడాడు. చేరాడో లేదో తెలియలేదు. కళ్లు తెరిచి మారెన్న వైపు చూశాడు. మారెన్న అప్పటికే అతని వైపు అదే ప్రశ్నతో చూస్తున్నాడు.

ఆ పందిట్లో మైకు ఒక్కటే ఉంది. దాన్ని ఓబులేష్ సారు ముందర పెట్టారు.