నిచ్చెన కింద విప్పిన బూట్లు

2024 నవంబరు 15, శుక్రవారం, ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు, మిషిగన్ ఉత్తరాన ఒక అడవిలో, నిచ్చెన కింద మేమిద్దరం బూట్లు విప్పాం.

విప్పమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. పైన ఉన్నది నాలుగు దుంగల మీద నిలబెట్టిన చెక్క గది. జింకల కోసం కాచుకుని కూర్చునే ఇలాంటి గదిని ఇక్కడ బ్లైండ్ అంటారు. అది మేముండే ట్రాయ్ ఊళ్ళో మా పక్కింటాయనది, ఆ అడవి ముక్కా ఆయనదే. లోపల నేల మీద ఆయన పాత కార్పెట్ పరిచి ఉంచాడు. ఒకరి గది, అందులోనూ కార్పెట్. మా ఆయన తన బూట్లు విప్పి నిచ్చెన పక్కన జతగా పెట్టారు. వాటి పక్కన నావి పెట్టాను. ఊలు మేజోళ్ళతో పైకెక్కాం.

నేను మాంసం తినను. తుపాకీ అంటే ఇష్టం లేదు. అయినా వెళ్ళాను, ఎందుకంటే ఏటా తోడు వెళ్ళే పక్కింటాయనకు మోకాలి ఆపరేషన్ అయింది. డెబ్బై నాలుగేళ్ళ మా ఆయనను, ముప్పై ఏళ్ళుగా షుగర్ ఉన్న మనిషిని, ఒంటరిగా అడవిలోకి పంపలేను. వద్దనడానికీ నోరు రాలేదు. మా ఆయన కార్ల కంపెనీలో జీవితమంతా బ్రేకులు డిజైన్ చేసి రిటైరయ్యాక ఈ వేటలో పడ్డారు. మూడు సీజన్లు ఆ గదిలో కూర్చుని మూడుసార్లూ ఖాళీ చేతులతో వచ్చారు. ఇది నాలుగోది. వచ్చే వసంతంలో పక్కింటాయన ఆ స్థలం అమ్మేస్తున్నాడు. జింకను కొట్టడమంటూ జరిగితే ఈ సీజన్ పదహారు రోజుల్లోనే జరగాలి. తర్వాత ఈయన్ను పిలిచి అడవిలో కూర్చోబెట్టేవాళ్ళు ఎవరూ లేరు.

ముందురోజు సాయంత్రం స్నేహితుడొకాయన ఫోన్ చేసి, స్పీకర్‌లో నేను వింటుండగానే అడిగాడు: “ఏం బావగారూ, ఈసారైనా జింక వస్తుందా, లేక మళ్ళీ మా ఇంటికొచ్చి పుట్టగొడుగుల కూర తింటారా?”

మా ఆయన నవ్వారు. ఫోన్ పెట్టేశాక నవ్వలేదు.

పైన కూర్చున్నాక గంటసేపు ఏమీ జరగలేదు. వేట అంటే ఇంత నిశ్శబ్దంగా, ఇంత చలిగా ఉంటుందని తెలిసుంటే ఈయనకు రిటైర్మెంట్ రోజునే అలవాటు చేసేదాన్ని. వెలుగు వస్తున్నప్పుడు కింద ఏదో నములుతున్న చప్పుడు మొదలైంది. ఎండు రొట్టెను ఎవరో తీరిగ్గా కొరుకుతున్నట్టు. మా ఆయన కళ్ళు మెరిశాయి. జింకే, ఆకులు తింటోంది అని సైగ చేశారు.

నా వైపు కిటికీలోంచి కిందికి చూశాను. నల్లగా, గుండ్రంగా, చిన్న కుక్కంత ముళ్ళపంది ఒకటి వెనక కాళ్ళ మీద కూర్చుని ఉంది. ముందు కాళ్ళతో మా ఆయన కుడి బూటును బిడ్డలా పట్టుకుని దాని లోపలి భాగం తింటోంది.

ఆ బూట్ల సంగతి చెప్పాలి. షుగర్ వల్ల మా ఆయన పాదాలకు స్పర్శ పోయింది. మేకు గుచ్చుకున్నా తెలియదు. అందుకని పాదాల డాక్టరు కొలతలు తీసుకుని ప్రత్యేకంగా చేయించాడు. చేతికి రావడానికి ఆరు వారాలు పట్టింది. అవి లేకుండా గడప దాటొద్దని ఆయన గట్టిగా చెప్పాడు. కారు పావు మైలు దూరంలో ఉంది. దారంతా ముళ్ళు, విరిగిన కొమ్మలు, గట్టిపడ్డ మంచు.

“మీ బూటు తినేస్తోంది,” అన్నాను చెవిలో.

ఆయన నా మాట వినలేదు. ఎదురుగా, చెట్ల మధ్య, ఒక మగ జింక నిలబడి ఉంది. కొమ్ములకు ఎనిమిది కొనలు. రెండుసార్లు లెక్కపెట్టాను. మూడేళ్ళుగా ఈయన ఎదురుచూసినది అదే. తుపాకీ నెమ్మదిగా భుజానికి ఎత్తారు.

“ఏమోయ్, డోంట్ మూవ్.”

కింద మళ్ళీ కరకరమంది. నేను స్టీలు ఫ్లాస్కు తీసి గోడకేసి మూడుసార్లు బాదాను.

జింక ఒక్క గంతులో మాయమైంది. ముళ్ళపంది కదల్లేదు. ఫ్లాస్కు విసిరాను. అది పక్కన పడితే మాకు వీపు తిప్పి, ముళ్ళు నిక్కించి, భోజనం కొనసాగించింది. కడుపు నిండాక తనంతట తానే పక్కనున్న పైన్ చెట్టెక్కింది.

మా ఆయన తుపాకీ దించి ఒళ్ళో పెట్టుకున్నారు.

“నేను పేల్చి ఉంటే ఆ చప్పుడుకు అదీ పారిపోయేది. జింకా దక్కేది, బూటూ దక్కేది.”

“మీకు గురి తప్పితే?”

“తప్పినా చప్పుడు వస్తుంది కదా.”

ఆ వాదనలో తప్పు నాకు ఇప్పటికీ దొరకలేదు.

తుపాకీలోంచి తూటాలు తీసి దిగారు. నాలుక, లేసులు, లోపలి మెత్త, మడమ దగ్గరి తోలు అన్నీ పోయి, కుడి బూటు అడుగు మాత్రం మిగిలింది. నా బూట్లను ముట్టనైనా లేదు. అవి ఆయన కాలికి పట్టవు. నా శాలువాతో ఆయన కుడి పాదం చుట్టి, పైన పులిహోర తెచ్చిన ప్లాస్టిక్ కవరు కట్టాను. నా భుజం పట్టుకుని ఒక్కో అడుగూ నేను చూపించిన చోటే వేశారు.

“నీ బూట్ల జోలికి పోలేదు చూశావా?” అన్నారు సగం దారిలో. “దానికీ భయమే.”

కారులో సీటు వెనక్కి వాల్చి, కవరు విప్పి, టార్చి వేసి వేలు వేలుకూ చూశాను. గీత కూడా లేదు. అప్పుడు పక్కింటాయనకు ఫోన్ చేశాం. నవ్వి నవ్వి మోకాలు పట్టుకున్నాడట. వీటికి ఉప్పంటే ప్రాణమని, చెమట పట్టిన తోలు కనిపిస్తే వదలవని, గొడ్డలి పిడులు కూడా తినేస్తాయని చెప్పాడు. ఇన్నేళ్ళలో ఆ నిచ్చెన కింద బూట్లు విప్పిన వేటగాడు ఒక్కడూ లేడట. ఎందుకు విప్పారని అడిగాడు. “కార్పెట్ ఉంది కదా,” అన్నారు మా ఆయన. పక్కింటాయనకు అర్థం కాలేదు.

కొత్త బూట్లకు మళ్ళీ ఆరు వారాలు అన్నారు. అప్పటికి సీజన్ అయిపోతుంది.

పోయినవి: కుడి బూటు ఒకటి. ఫ్లాస్కు మూత ఒకటి. శాలువా ఒకటి, ముళ్ళకు చిరిగింది. ఎనిమిది కొనల జింక ఒకటి. మా ఆయన ఆఖరి సీజన్‌లో మిగిలిన పదిహేను రోజులు.

పాదాలు రెండూ ఉన్నాయి. అవి ఈ లెక్కలోకి రావు.