వెనక ఎవరూ లేకపోయినా

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో మా పక్క గదిలో ఉండే కడప ఆయన, అల్ హిలాల్‌లో ఒక అరబ్బు ఇంటి డ్రైవరు. తొంభైల్లో శుక్రవారం పొద్దున్నే మేమిద్దరం ఆ ఇంటి పాత పికప్పులో దుఖాన్ దారిలోని సుద్దగుట్టలకు వెళ్ళి, తుమ్మచెట్ల మధ్య కాలిబాట మీద ఒక చుట్టు పరుగెత్తేవాళ్ళం.

ఆయన పరుగులో కూడా డ్రైవరే. మలుపు వస్తే చెయ్యి చాపేవాడు. వేగం తగ్గించే ముందు మెడ తిప్పి వెనక్కి చూసేవాడు. ఆ గుట్టల్లో మేము తప్ప నరమానవుడు ఉండేవాడు కాదు.

"ఎవరి కోసమన్నా ఈ సైగలు?" అని అడిగాను.

"ఎవురూ లేరని ఈడ మానేస్తే, రేపు రోడ్డు మింద చెయ్యి లేయదు సార్."

ఆయన్ని ఒక్కసారైనా దాటాలని నాకు మహా పంతంగా ఉండేది. ఒక శుక్రవారం, దిగుడులో బాట కుడికి తిరిగే చోట ఆయన చెయ్యి చాపి నెమ్మదించాడు. ఇదే సందనుకుని ఆ చెయ్యి కిందినుంచే దూరి ముందుకు దూకాను. అంచున సుద్ద పొడిపొడిగా రాలింది. జారిపోయి కింద తుమ్మపొదలో కూర్చున్నాను.

ఆయన పైనుంచి నిదానంగా చూశాడు.

"రాంగ్ సైడులో వస్తివి గదా సార్."

"అది తర్వాత. ముందు వచ్చి నన్ను లేపన్నా."

వస్తున్నానన్నాడు. వెనక్కి తిరిగి, ఆ ఖాళీ ఎడారిని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. కుడిచెయ్యి చాపాడు. కాసేపు ఆగి, అప్పుడు దిగాడు.