అరవై అడుగుల ఎండ

బహ్రెయిన్‌లో నేను పనిచేసిన ఇల్లు అరాద్‌లో ఉండేది. విమానాశ్రయం దగ్గరే కావడంతో, డాబా మీద ఆరేసిన బట్టల్ని తాకుతాయేమో అన్నంత కిందుగా విమానాలు దిగేవి. ఇంటాయన, నేను మేడం అని పిలిచే ఆయన భార్య, ఇద్దరూ ఉద్యోగస్తులు. పొద్దున్న ఏడింటికి వెళ్తే మూడు దాటాకే రావడం. వంటా ఇల్లూ నా పనే గానీ, అన్నిటికంటే ముందు ఇంటాయన తల్లిని చూసుకోవాలి. ఆవిడకి ఎనభై దాటాయి. అందరూ "యుమ్మా" అని పిలిచేవారు, అంటే అమ్మా అని. నేనూ అలాగే పిలిచాను. ఆవిడ అరబ్బీ నాకు అర్థం కావడానికి ఆరు నెలలు పట్టింది. ఆ మాటలు ఇప్పుడు తలుచుకుంటే మా గోదావరి మాటల్లోనే వినిపిస్తాయి. అలాగే రాస్తున్నాను.

మాది లంక గ్రామం. మే నెలలో ఇసకతిన్నెల మీద వట్టి కాళ్ళతో నడిచి పెరిగినదాన్ని. ఎండంటే నాకేం భయం అనుకుని వెళ్ళాను. మొదటి జూన్‌లోనే ఆ ధీమా పోయింది. పొద్దున్న ఆరింటికే గోడ మీద చెయ్యి వేస్తే వేడి తగిలేది. ఆగస్టు వచ్చేసరికి ఎండకి ఉక్క తోడయ్యేది. సముద్రం మీంచి తడిగాలి వచ్చి ఒంటిని పట్టుకుని వదిలేది కాదు. ముప్పై నాలుగేళ్ళ నాకే మధ్యాహ్నానికి తల తిరిగేది.

యుమ్మా మాత్రం ఆ వేసవిని ఎనభై సార్లు చూసిన మనిషి. దానితో ఎలా వేగాలో ఆవిడకి తెలుసు. చిన్నప్పుడు వేసవి వస్తే వాళ్ళంతా సముద్రపు ఒడ్డున ఖర్జూరపు మట్టలతో అల్లిన పాకల్లోకి మారిపోయేవారట. మట్టల సందుల్లోంచి వచ్చే గాలి తప్ప ఇంకేమీ ఉండేది కాదట. అందుకేనేమో ఆవిడకి ఏసీ పడేది కాదు. "ఆ గాలి ఎముకల్లోకి వెళ్ళి కూర్చుంటుందే" అనేది.

తెల్లవారుజామున నమాజు కాగానే నన్ను లేపేది. "లే, సూర్యుడికంటే ముందు నీళ్ళు పట్టు." డాబా మీద ట్యాంకు ఎండకి కాగిపోయి, పది దాటాక కుళాయిలో చెయ్యి పెట్టలేని వేడినీళ్ళు వచ్చేవి. అందుకని చీకటుండగానే నాలుగు బకెట్లు నింపి ఆవిడ గదిలో మూల పెట్టేదాన్ని. తొమ్మిదయ్యేసరికి కిటికీలన్నీ మూసి తెరలు దించేయాలి. మధ్యాహ్నమంతా ఆవిడ తల మీద తడి నూలుగుడ్డ, పాదాలు నీళ్ళ బేసినులో. పదిహేను రోజులకోసారి అరికాళ్ళకీ నడినెత్తికీ గోరింటాకు పెట్టించుకునేది, ఒంట్లో వేడి లాగేస్తుందని. మా అమ్మమ్మ కూడా అదే మాట అనేది కాబట్టి నాకు నవ్వొచ్చేది. పగలు తిండి బాగా తక్కువ. ఇంత అన్నం, పుచ్చకాయ ముక్కలు, ఉప్పేసిన లబన్. లబన్ అంటే మన మజ్జిగే, కాస్త చిక్కగా ఉంటుంది.

మా వెనక సందులో ఆవిడ స్నేహితురాలు ఉండేది. ఇద్దరిదీ ఒకే ఈడు, ఆ మట్టల పాకల్లో కలిసి ఆడుకున్నవాళ్ళు. భర్త పోయాడు, పిల్లలు లేరు. చెల్లెలి కూతురు ఆవిడతోనే ఉండి బ్యాంకులో పనిచేసేది. నాలుగు దాటితేగానీ ఇల్లు చేరేది కాదు. మా గుమ్మం నుంచి వాళ్ళ గుమ్మానికి సరిగ్గా అరవై అడుగులు. నేనే లెక్కపెట్టాను. చలికాలంలో యుమ్మా నా చెయ్యి పట్టుకుని మెల్లగా ఆ అరవై అడుగులూ నడిచేది. మే నెల వచ్చిందంటే ఆ సందు ఇద్దరికీ దాటలేని సముద్రం. యుమ్మాకి గుండెజబ్బు, ఎండలో అడుగు పెట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. స్నేహితురాలికేమో మోకాళ్ళు వంగవు. ఇద్దరికీ చెవులు సరిగా వినపడవు కాబట్టి ఫోను కూడా పనికిరాలేదు. అందుకని వేసవిలో వాళ్ళ కాళ్ళూ నోరూ నేనే అయ్యాను.

రోజూ పదకొండింటికి మూత గిన్నెలో ఐసు వేసిన లబన్ పట్టుకుని, ఒక కబురు మోసుకుని వెళ్ళేదాన్ని.

"అది ఇంకా బతికే ఉందేమో చూసిరా" అనేది యుమ్మా. "ఏసీలో పడుకుని ఐసులో పెట్టిన చేపలా ఉందని నేనన్నానని చెప్పు."

వెళ్ళి చెబితే ఆవిడ బోసినోటితో ఒళ్ళంతా కదిలేలా నవ్వేది. "ఆ పొట్టిదానికి చెప్పు. ముందు తననే పైకి వెళ్ళమను. నేను తీరిగ్గా వెనకాల వస్తాను. మాట మార్చకుండా చెప్పాలి, విన్నావా?"

యుమ్మా నిజానికి పొడుగు మనిషే. చిన్నతనంలో పొట్టిగా ఉండేదట, ఆ పేరు అలా ఉండిపోయింది. ఆ పేరుతో పిలిచేవాళ్ళు లోకంలో ఇంకెవరూ మిగల్లేదు. నేను మాట మార్చకుండా చెప్పేదాన్ని. యుమ్మా ఆ పూటంతా తనలో తను నవ్వుకుంటూ ఉండేది. కబుర్ల సంగతి అలా ఉంచితే, నేను అక్కడున్న పది నిమిషాల్లో ఆవిడ చేత లబన్ తాగించి, గుడ్డ తడిపి నెత్తిన వేసి, నీళ్ళ సీసా చేతికందేలా పెట్టి వచ్చేదాన్ని.

నేను వెళ్ళిన రెండో ఏడు, ఆగస్టు నెల. ఆ రాత్రి భోజనానికి మేడం చెల్లెలి అత్తవారు వస్తున్నారు. ఏమేం వండాలో పొద్దున్నే చెప్పి వెళ్ళింది. నేను టిఫిను కూడా తినకుండా పొయ్యి దగ్గర నిలబడ్డాను. పదకొండయింది. గదిలోంచి యుమ్మా పిలిచింది.

"వెళ్ళలేదా ఇంకా?"

"వెళ్తున్నా యుమ్మా."

గిన్నె పట్టుకుని బయటికి వచ్చాను కూడా. సందు మొదట్లో నాలుగడుగులు వేసేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి. గోడ పట్టుకున్నాను, అరచెయ్యి కాలింది. లోపల పొయ్యి మీద మాంసం అడుగంటుతుందేమో. ఒక్క రోజుకి ఏమవుతుందిలే అనుకున్నాను. వెనక్కి వచ్చి గిన్నెని ఫ్రిజ్‌లో పెట్టేశాను.

పన్నెండింటికి యుమ్మా నెత్తిన గుడ్డ మార్చడానికి వెళ్ళాను. "ఏమంది?" అని అడిగింది.

వెళ్ళలేదని చెప్తే సరిపోయేది. ఆవిడ ఎప్పుడూ నన్ను గట్టిగా తిట్టలేదు. కానీ నా నోటికి అబద్ధమే వచ్చింది.

"బాగున్నారు యుమ్మా. లబన్ మొత్తం తాగారు. మిమ్మల్ని ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోమన్నారు."

యుమ్మా నావైపు కాసేపు చూసింది. తర్వాత చిన్నగా నవ్వి, "సరే, కూర్చో కాసేపు. మొహం చూడు ఎలా కందిపోయిందో. నీళ్ళు తాగు" అంది.

రెండున్నర అయ్యుంటుంది. మా డ్రైవరు వంటింటి తలుపు దగ్గరికి మంచినీళ్ళకి వచ్చాడు. కరీంనగర్ వైపు సాయిబు, అరవైకి దగ్గరపడ్డ మనిషి. నన్ను చెల్లె అనేవాడు, నేను అన్నయ్యగారూ అనేదాన్ని. ఎండాకాలమంతా నెత్తిన తడి తువ్వాలుతోనే తిరిగేవాడు.

"ఎనక గల్లిల కరెంటు లేదు చెల్లె" అన్నాడు గ్లాసు అందుకుంటూ. "పది గంటల కాంచి పోయిందంట. మనది వేరే లైను, గందుకే మనకున్నది."

నా చేతిలో గరిట ఎక్కడ పడిందో తెలియదు. నెత్తిన గుడ్డ లేకుండా పరిగెత్తాను. వాళ్ళ తలుపు నా కోసం గడియ వెయ్యకుండా ఉంచేవారు. తోసుకుని లోపలికి వెళ్తే మూసిన ఇనప్పెట్టెలోకి వెళ్ళినట్టుంది. ఆగిపోయిన ఏసీ, కదలని గాలి. పిలిచాను. పలకలేదు.

స్నానాలగది గుమ్మంలో పడి ఉంది. చేతిలో నూలుగుడ్డ ఉంది. లోపల కుళాయి వదిలేసి ఉంది. దాని కింద చెయ్యి పెడితే చుర్రుమంది. చల్లబడదామని ఆ మోకాళ్ళతో అక్కడిదాకా ఎలా వెళ్ళిందో వెళ్ళింది, తీరా కుళాయిలో ఆ మరిగే నీళ్ళు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. చెమట చుక్క లేదు. ఊపిరి మాత్రం వేగంగా ఆడుతోంది.

నా వెనకాలే డ్రైవరు వచ్చాడు. "వడదెబ్బ చెల్లె. లేబర్ క్యాంపుల గిట్లనే ఇద్దర్ని చూసిన. ఉరుకు, యుమ్మా రూముల నీళ్ళు తే. మెడకు, సంకలల్ల తడిగుడ్డలు పెడదాం. నేను బండి తెస్త."

నేను యుమ్మా గదిలోకి పరిగెత్తి బకెట్ ఎత్తాను. "ఏమైందే?" అని ఆవిడ మంచం మీంచి లేవబోయింది. నేను అప్పటికే గుమ్మం దాటాను. ఆ అరవై అడుగులూ ఆ రోజు ఎన్నిసార్లు తిరిగానో గుర్తు లేదు. ఇద్దరం కలిసి ఆవిడని కారులో పడుకోబెట్టాం. తల నా ఒళ్ళో పెట్టుకుని దారంతా తడిగుడ్డతో తుడుస్తూనే ఉన్నాను. ఒకసారి కళ్ళు తెరిచింది. నన్ను పోల్చుకోలేదు. ఎవరినో పేరు పెట్టి పిలిచింది, నేనెప్పుడూ వినని పేరు.

ఆసుపత్రిలో మూడు రోజులు ఉంది. మూడోనాటి పొద్దున్న పోయింది.

పరామర్శకి వచ్చిన ఆడవాళ్ళందరూ స్నేహితురాలి ఇంట్లోనే మూడు రోజులు కూర్చున్నారు. యుమ్మాని ఆ అరవై అడుగులూ కారులో తీసుకెళ్ళాం. ఆవిడ ఏడవలేదు. గోడకి ఆనుకుని జపమాల తిప్పుతూ ఉంది. నేను కాఫీ కప్పులు అందిస్తున్నాను. వయసైపోయింది, ఎండలు అలా ఉన్నాయి, దేవుడు రాసింది అంతే అని అందరూ అన్నారు. చెల్లెలి కూతురు లేచి వచ్చి నన్ను కావలించుకుంది.

"నువ్వు చూశావు కాబట్టి ఆ మూడు రోజులైనా నాకు దక్కింది. నువ్వే లేకపోతే శవాన్ని చూసేదాన్ని" అని ఏడ్చింది.

ఆ పిల్ల కన్నీళ్ళు నా భుజం మీద పడుతుంటే నన్నెవరో కొడుతున్నట్టుంది.

శుక్రవారం అక్కడ సెలవు కాబట్టి, మనామా ఊళ్ళో జరిగే మా తెలుగు క్రైస్తవుల ప్రార్థనకి వెళ్ళాను. అప్పటికే ఈ సంగతి ఎవరి ద్వారానో తెలిసి, ముసలావిడని కాపాడటానికి ఎంత కష్టపడ్డావమ్మా అని ఒకరిద్దరు నా చెయ్యి పట్టుకున్నారు. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్ళు లేవండి అన్నప్పుడు లేచాను. ఆ కుటుంబం కోసం ప్రార్థించండి అని మాత్రం చెప్పి కూర్చుండిపోయాను.

రెండు వారాలు మోశాను. ఒక మధ్యాహ్నం యుమ్మా పాదాలు బేసినులో పెట్టి కడుగుతూ, తల ఎత్తకుండా అన్నాను.

"యుమ్మా, ఆ రోజు నేను వెళ్ళలేదు."

"తెలుసు" అంది.

తల ఎత్తి చూశాను. ఆవిడ మూసిన కిటికీ వైపు చూస్తోంది.

"డెబ్బై ఏళ్ళలో అది నన్ను ఒక్కసారైనా ఆరోగ్యం జాగ్రత్త అనలేదే. పొట్టిది అనకుండా నాకు కబురే పంపలేదు. నువ్వు ఆ మాట అనగానే తెలిసిపోయింది, నువ్వు వెళ్ళలేదని."

"మరి నన్నెందుకు తిట్టలేదు? ఎందుకు మళ్ళీ పంపలేదు?"

"నీ మొహం చూశాను. ఎర్రగా కాలిపోయి ఉంది. పొద్దుట్నించీ ఏమీ తినలేదని కూడా తెలుసు. పోనీలే, రేపు వెళ్తుందిలే అనుకున్నాను. కరెంటు పోయిందని నీకూ తెలియదు, నాకూ తెలియదు. కానీ దాని దగ్గరికి ఎవరూ వెళ్ళలేదని నాకు తెలుసు. తెలిసి రెండున్నర గంటలు ఊరుకున్నాను."

నేను ఆవిడ పాదాల మీద తల పెట్టి ఏడ్చాను. ఆవిడ నా జుట్టులో వేళ్ళు పెట్టి కూర్చుంది. అప్పుడు ఆవిడ కూడా ఏడ్చింది. శబ్దం లేకుండా ఏడ్చింది.

"ఆ పిల్లకి చెప్పేస్తాను యుమ్మా" అన్నాను.

"చెప్పకు. చెబితే నీ బరువు దిగుతుంది, దాని నెత్తి మీదికి ఎక్కుతుంది. అది మోయడానికి నువ్వూ నేనూ ఉన్నాంగా. చాలు."

నేను చెప్పలేదు. అది సరైన పనో కాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఆ తర్వాత యుమ్మా మునుపటిలా లేదు. తెల్లవారుజామున నన్ను లేపడం మానేసింది. నేనే లేచి నీళ్ళు పట్టేదాన్ని. సెప్టెంబరులో ఒక రోజు తనే ఏసీ వెయ్యమంది. ఎముకల నొప్పులు రావా అని అడిగితే, "వస్తే రానీ" అంది. పగలు నన్ను గుమ్మం దాటనిచ్చేది కాదు. చెత్త పారేయాలన్నా సాయంత్రం దాకా ఆగమనేది. పదకొండు గంటల వేళ ఆవిడ చూపు తలుపు మీదికి వెళ్ళేది. నేను చూడనట్టు ఉండేదాన్ని. ఏడిపించడానికి మనిషి లేకపోయాక ఆవిడకి మాటలే తగ్గిపోయాయి.

మరుసటి ఏడు పని గడువు పూర్తయి ఇంటికి, నా పిల్లల దగ్గరికి వచ్చేశాను. బయలుదేరేటప్పుడు యుమ్మా నా తల మీద చెయ్యి పెట్టి ఏదో చదివింది. మళ్ళీ రమ్మని అడగలేదు. నేనూ వస్తానని చెప్పలేదు.

రెండేళ్ళకి డ్రైవరు అక్కణ్ణుంచి ఫోన్ చేశాడు.

"యుమ్మా పోయింది చెల్లె. పోయిన వారం."

"ఎలా పోయారు అన్నయ్యగారూ? కష్టపడ్డారా?"

"లేదు లేదు, నిద్రలనే పోయింది. జనవరి కదా, సల్లగుంది. ఆ పొద్దు వాన గూడ పడ్డది."

వాన పడిందని విన్నాక నా గుండె కాస్త కుదుటపడింది. ఆ వెంటనే ఏడుపు ముంచుకొచ్చింది. ఫోన్ పెట్టేశాక పిల్లలిద్దరూ వచ్చి, ఎవరమ్మా, ఎందుకు ఏడుస్తున్నావ్ అని అడిగారు. అక్కడ నేను చూసుకున్న పెద్దావిడ అని మాత్రం చెప్పి, కళ్ళు తుడుచుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాను.